విజిల్ వింటే పరుగే

బళ్ళారిలో బీపీఎడ్, అంటే పీటీ టీచరు చదువు, చదివేవాళ్ళకు ఆఖర్న ఒక పరీక్ష ఉంటుంది. అది కూర్చుని రాసేది కాదు. ఒక జట్టును తెచ్చుకుని, మైదానంలో నిలబెట్టి, పై ఊరినుంచి వచ్చిన ఎగ్జామినరు కళ్ళెదుట దానికి ఆట నేర్పి చూపించాలి. ఎముకల పేర్లు, కండరాల పేర్లు, ఖోఖో కోర్టు కొలతలు, టోర్నమెంటు నడిపే పద్ధతులు, బెణికిన మడమకు కట్టు కట్టే తీరు, ఇవన్నీ గడగడా అప్పజెప్పినా సరే, ఆ ఒక్కరోజు తప్పితే ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

యూనీస్‌కు ఆ ఏడాది గంగలో కలిస్తే కుదరదు. తను చదువుకున్న మిషన్ హైస్కూల్లోనే పీటీ టీచరు పోస్టు ఖాళీ పడింది. జూన్లో బడి తెరిచేలోగా పాసై వస్తే పోస్టు నీదమ్మా, లేకపోతే మాకు వేరేవాళ్ళు దొరక్కపోరు అని కరస్పాండెంటు మొహం మీదే చెప్పాడు. వాళ్ళమ్మ సరోజమ్మ ఆసుపత్రిలో ఆయా. రాత్రి డ్యూటీలు చేసి చేసి కాళ్ళు వాచిపోయిన మనిషి. మెడలో విజిల్ వేసుకున్న కూతుర్ని చూసి మొదట్లో "ఆడపిల్ల ఈల ఊదేదేందే" అని గొణిగింది కానీ, ఆ ఈల బడిలో ఉద్యోగం తెస్తుందని తెలిశాక, ఆదివారం గుడికి పోయేటప్పుడు కూడా వేసుకుపొమ్మంటుందేమో అన్నంతగా మారిపోయింది.

యూనీస్ మొదట హైస్కూలు ఆడపిల్లలతో ఖోఖో జట్టు తయారు చేసుకుంది. ఏప్రిల్ వచ్చింది, సెలవులు ఇచ్చారు, పిల్లలు పిట్టల్లా ఎగిరిపోయారు. ఒకతె అమ్మమ్మ ఊరికి, ఒకతె పెళ్ళికి. పరీక్షేమో మేలో. ఆమె క్లాసులోనే చదివే జితేంద్ర, బజారులో బట్టల కొట్టు వాళ్ళబ్బాయి, ముందే తెలివి చేసి తన కబడ్డీ పిల్లలకు కొత్త బూట్లు కొనిపెట్టాడు. పరీక్ష అయ్యేదాకా ఎవడూ ఊరు దాటకూడదని షరతు. యూనీస్ చేతిలో బూట్లు కొనే శక్తీ లేదు, షరతు పెట్టే మొహమూ లేదు.

కోచింగు పాఠం చెప్పే గురురాజ సారు దగ్గరికి పోతే ఆయన అటెండెన్సు లోంచి తల కూడా ఎత్తలేదు. "ఎవురినన్నా పట్టుకురామ్మా. ఎనిమిది మంది మనుషులైతే చాలు. హగ్గ జగ్గాటైనా పెట్టు, పర్లేదు. సిలబస్సులో ఉండాది."

హగ్గ జగ్గాట అంటే తాడు లాగే పోటీ. జగ్గడమంటే లాగడం. ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు. బీపీఎడ్ పిల్లలు దాన్ని ఆటగానే లెక్కపెట్టరు. పండగ రోజున పెద్దవాళ్ళు సరదాగా ఆడుకునేదని వాళ్ళ లెక్క.

ఆ సాయంత్రం యూనీస్ సైకిలు తొక్కుకుంటూ కంటోన్మెంటు వైపు తిరిగొస్తుంటే దారిలో ఒక ట్రాక్టరు గుంటలో దిగబడి ఉంది. ఆ ఏళ్ళలో బళ్ళారి రోడ్లు రోడ్లు కావు. గుట్టల్ని తవ్వి, టిప్పర్లకెత్తి, రేవులకు పంపే మహానుభావులు రోడ్డును కూడా తవ్వుకుపోయారు. మిగిలింది గుంటలు, ఎర్రదుమ్ము, ఆ దుమ్ములోనే తిరిగే కొత్త కార్లు. గని నుంచి కూలి ఆడవాళ్ళను దింపడానికొచ్చిన ట్రాక్టరు అది. డ్రైవరు దిగి ఎవరికో ఫోను చేస్తున్నాడు. ఆడవాళ్ళు ఆ ఫోను కోసం ఆగలేదు. ట్రాలీలో ఉన్న తాడు తీసి ఇంజను ముందు కట్టారు. వరసగా పట్టుకున్నారు. ముందున్న సన్నపాటామె ఏదో పదం ఎత్తుకుంది. పదం ఆగిన చోటల్లా అందరి నడుములూ ఒక్కసారే వెనక్కి వాలాయి. మూడోసారికి ట్రాక్టరు దున్నపోతులా లేచి గట్టుకొచ్చింది.

యూనీస్ సైకిలు స్టాండు వేయడం కూడా మర్చిపోయింది. మోకాళ్ళు కొంచెం వంగి, మడమలు నేలలో దిగి, చేతులు చాచి, బరువంతా వీపు మీద. పుస్తకంలో బాణం గుర్తులు పెట్టి గీసిన బొమ్మ చీరలు కట్టుకుని కళ్ళముందు నిలబడ్డట్టుంది.

"అక్కా, మీకు హగ్గ జగ్గాట తెలుసునా?" అని అడిగింది.

చివర నిలబడిన భారీ మనిషి, తాడు కొసను నడుముకు చుట్టుకున్నామె, ఆ చుట్టు విప్పుకుంటూ నవ్వింది. "ఇంతసేపూ మేమాడింది ఏందనుకున్నావు పాపా?"

ఆమె పేరు పక్కీరమ్మ. దేశనూరు మనిషి. పదం ఎత్తుకున్నామె దురుగమ్మ, హచ్చొళ్ళి నుంచి వచ్చింది. హచ్చొళ్ళిలో కాలవ నీళ్ళున్నాయి, వరి ఉంది, నాట్లప్పుడు పదం ఎత్తుకునేది దురుగమ్మే. పొలం మాత్రం ఇంకొకళ్ళది. అందుకే ఆమె ఈ గుట్టల కిందికొచ్చి సుత్తితో ఇనుపరాయి కొడుతోంది. మిగతా ఆరుగురిదీ అదే పని. పెద్దరాయిని చిన్నరాయి చేయడం, చిన్నరాయిని కుప్ప పోయడం, కుప్పను లారీ మింగితే మళ్ళీ మొదలుపెట్టడం.

యూనీస్ తన అవసరం చెప్పింది. పరీక్ష ఉండాది, మీరు ఆడితే నేను పాసవుతానంది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇంతవరకూ వాళ్ళ దగ్గరికొచ్చి, మీరు ఒప్పుకుంటే నాకు పని అవుతుందని నిలబడి అడిగిన మనిషి లేడు.

"పొద్దంతా కొట్టి కొట్టి వస్తాండాము. మళ్ళా ఆటంటే ఒళ్ళు ఏమైతాది?" అందొకామె.

"ఏమ్మే, చైనావాడు పెద్ద ఆటలు పెట్టుకుంటాండాడంట. వాని మైదానానికి ఇనుము కావాలనే గదా మన గుట్ట పోతాండేది" అంది పక్కీరమ్మ. "గుట్టే ఆటకు పోయింది. మనం పోకూడదా?"

ఆ మాటతో జట్టు కుదిరిపోయింది.

మర్నాడు సాయంత్రం వాళ్ళ గుడిసెల వెనక ఖాళీ స్థలంలో యూనీస్ సున్నంతో గీతలు గీసింది. తాడుకు మధ్యలో ఎర్రగుడ్డ కట్టింది. ఎనిమిదిమందినీ నాలుగేసి చొప్పున అటూ ఇటూ నిలబెట్టి, చదువుకున్నదంతా గుర్తు తెచ్చుకుని, ఛాతీ నిండా ఊపిరి తీసుకుని విజిల్ ఊదింది.

తాడు దబ్బుమని కింద పడింది. ఎనిమిదిమందీ ఎగిరిపోయారు. అటు నలుగురు కాలవగట్టు చాటుకు, ఇటు నలుగురు మొండిగోడ చాటుకు. తాడు పక్కన యూనీస్ ఒక్కతే విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది.

గట్టు వెనకనుంచి దురుగమ్మ గొంతు వినబడింది. "నువ్వేంది టీచరమ్మా ఆడనే నిలబడినావు? సస్తావా యేంది?"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పక్కీరమ్మ గోడ చాటునుంచి తల బయటపెట్టి, ఇది గని కాదని గుర్తుకొచ్చి, నోటికి కొంగడ్డం పెట్టుకుని కూలబడింది. తక్కినవాళ్ళు నవ్వుతూ దుమ్ము దులుపుకుంటూ వచ్చారు. యూనీస్ కూడా నవ్వింది. నవ్వాక అడిగితే చెప్పారు.

వాళ్ళు పనిచేసే గనికి సైరను లేదు. టిప్పర్లు కొన్నారు, ప్రొక్లయినర్లు కొన్నారు, ఓనరుకు చల్లగాలి వేసే ఆఫీసు కట్టారు, సైరను మాత్రం దొరకలేదట. మందు పెట్టి కొండ పేల్చేముందు మేస్త్రీ కెంచప్ప విజిల్ ఊదుతాడు. అది వినబడ్డాక చేతిలో ఏముంటే అది పారేయాలి. సుత్తైనా, సద్దైనా. చంకలో పిల్ల ఉంటే మాత్రం గట్టిగా అదుముకోవాలి. ఎందుకని అడగకూడదు, వెనక్కి చూడకూడదు, పరుగే.

"నిలబడి ఆలోచన చేసినోళ్ళు ఇద్దరుండ్రి" అంది దురుగమ్మ. "ఇప్పుడు లేరు."

మర్నాడు యూనీస్ ఈ సంగతి గురురాజ సారుకు చెప్పింది. ఆయన బొజ్జ కదిలేలా నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"చూడమ్మా, హగ్గ జగ్గాట మొదలుపెట్టేదానికి గొంతు చాలు, రూలు కూడా అదే. కానీ నువ్వు చూపించేది పాఠం. వరసలో నిలబెట్టాలన్నా, ఆపాలన్నా, తాడు బిగపట్టించాలన్నా విజిల్ ఉండాల. విజిల్ లేని కోచి, గంట లేని చర్చి. అయినా నువ్వు చదివిందేంది? గంట కొట్టి కూడు పెడితే కుక్కకు గంట వినంగానే నోట్లో నీళ్ళూరలేదా? అలవాటును ఇంకో అలవాటుతో కొట్టాల. కోచింగంటే అదే, ఇంకేమీ లేదు."

యూనీస్‌కు ఆ మాట నచ్చింది. చదివింది చేసి చూసే అవకాశం ఎందరికి దొరుకుతుంది? ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. ముందు విజిల్ను పిట్ట కూసినంత మెల్లగా ఊదేది. "విజిల్ అంటే పట్టు. కాళ్ళు నేలలో దింపు" అని నోటితో చెప్పేది. పరుగు తియ్యబోయిన వాళ్ళను వెనక్కి పిలిచి మళ్ళీ నిలబెట్టేది. పట్టు విడవకుండా ఉన్నవాళ్ళకు సరోజమ్మ ఉడకబెట్టి పంపిన శెనక్కాయలు. రోజురోజుకూ ఊదడం పెంచింది. మొదట్లో కాళ్ళు అదిరేవి. తర్వాత అదురు పోయింది. ఏప్రిల్ అయిపోయేసరికి ఎంత గట్టిగా ఊదినా ఎనిమిది జతల మడమలు ఒక్కసారే టక్కుమని నేలలో దిగేవి. వేళ్ళు బిగిసేవి. పక్కీరమ్మ కొసన బండలా నిలబడిపోయేది.

గుడిసెల్లోని మొగవాళ్ళు బీడీలు కాల్చుకుంటూ వచ్చి చూడటం మొదలుపెట్టారు. ఒకరోజు వాళ్ళల్లో పదిమంది మేం జగ్గుతాం రండని తాడు పట్టారు. ఓడిపోయి, మేము తాగుండాము గాబట్టి అన్నారు.

"తాగకుండా రాండి రేపు" అంది పక్కీరమ్మ.

"అట్లైతే యాడొస్తార్లే" అంది దురుగమ్మ. మర్నాడు ఎవరూ రాలేదు.

యూనీస్ ఇంటికొచ్చి అన్నం తింటూ అమ్మకు ఇవన్నీ చెప్పేది. అంత సంతోషం ఆ పిల్లకు కాలేజీలో చేరినరోజు కూడా లేదు.

మే నెల మొదట్లో ఒక సాయంత్రం వాళ్ళు ట్రాక్టరు దిగి ఎప్పటిలా నవ్వుకుంటూ వచ్చారు. పక్కీరమ్మ చేతిలో టిఫిన్ క్యారియరు ఉంది. క్యారియరంటే ఇప్పుడది క్యారియరు కాదు, చపాతీలా చదునైపోయిన రేకు.

"టీచరమ్మా, నీ కోచింగు గట్టిదిప్పా" అంది పక్కీరమ్మ, ఆ రేకును బహుమతిలా చేతికిచ్చి.

"ఏమైంది అక్కా?"

"మద్యాన్నం సద్ది తినేదానికి కూర్చుంటిమి గదా. కెంచప్ప విజిల్ ఊదినాడు. అందురూ లేసినారు. నేనూ లేస్తి. లేసి సుత్తి పట్టుకొని, కాళ్ళు నేలలో దింపి, ఎనక్కి వాలి నిలబడితి సూడు. అచ్చం నువ్వు నేర్పినట్లే. కదల్లా మెదల్లా. ఈ దురుగి నా కొంగు పట్టి ఈడ్చకపోతే ఈ పొద్దు నీ తాడుకు కొస లేదు."

అందరూ నవ్వారు. దురుగమ్మ పక్కీరమ్మ నిలబడ్డ తీరును అభినయించి చూపించింది. పిర్రలు వెనక్కి పెట్టి, పళ్ళు బిగించి. "రాయి పడింది ఆయమ్మ కూర్చున్న తావునే. క్యారియరు మీద. లోపల సంగటి, ఊరిబిండి, అంతా అప్పడమైపాయ."

మళ్ళీ నవ్వులు. వాళ్ళు నిజంగానే మెచ్చుకోవడానికొచ్చారు. టీచరమ్మ నేర్పింది ఒంట్లో ఎంత ఇంకిందో చూపించడానికి ఆ రేకు తెచ్చారు. చావు తప్పి వచ్చినప్పుడల్లా నవ్వకపోతే ఆ గుట్టల కింద రోజు గడవదు.

యూనీస్ నవ్వలేకపోయింది. ఆ రేకు ఇంకా వెచ్చగా ఉంది, ఎండకో ఏమో. అంచున సంగటి ముద్ద ఎండిపోయి అతుక్కుని ఉంది. ఆమె విజిల్ తాడు మెడలోంచి తీసి పిడికిట్లో పెట్టుకుంది.

"ఈ పొద్దు ఆట లేదక్కా" అంది.

"ఏం, ఎందుకు?"

"లేదంటే లేదు."

పొద్దున్నే గురురాజ సారు దగ్గరికి పోయింది. ఈసారి ఆయన నవ్వలేదు. కుర్చీలో వెనక్కి జరిగి మైదానం వైపు చూశాడు.

"నేను చెప్పింది పుస్తకంలో ఉండేది" అన్నాడు. "క్వారీ పుస్తకంలో లేదమ్మా."

"విజిల్ వదిలేస్తాను సార్."

"వదిలేస్తే ఎట్ల? ఈసారి వచ్చే ఎగ్జామినరు రాయచూరామె. విజిల్ వాడకానికే వేరేగా మార్కులుండాయి. ఆమె మొదట చూసేది దాన్నే. పోయినేడు ఒకడు విజిల్ బదులు చప్పట్లు కొట్టినాడని పాఠమంతా కొట్టేసింది. ఒక పని చెయ్. కెంచప్ప ఊదేది పొడుగు ఈల గదా. నువ్వు రెండు పొట్టి ఈలలు ఊదు. తేడా తెలుస్తాది."

"తెలుస్తాది సార్, ఒక్క నిమిషం ఆలోచన చేస్తే. ఆలోచన చేసినోళ్ళిద్దరు పోయినారంట."

ఆయన నీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. పెద్ద పెద్దవాళ్ళు, కార్లలో తిరిగేవాళ్ళు, గని లైసెన్సుల మీద సంతకాలు పెట్టేవాళ్ళు, తమ పని జరగడానికి ఇంకొకడి ప్రాణం కొంచెం అడ్డమొస్తే రెండు పొట్టి ఈలలతో సర్దేసుకుంటారు. అందుకే వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. యూనీస్‌కు ఆ విద్య రాదు. పరీక్ష పోతుందని భయం లేక కాదు. బడిలో పోస్టు ఇంకెవరికో పోతుంది, అమ్మ ఇంకో ఏడాది వాచిన కాళ్ళతో వార్డులో తిరుగుతుంది. ఇదంతా కళ్ళముందే ఉంది. అయినా ఆ చదునైన రేకు వాటన్నిటికంటే ముందు కనబడుతోంది.

సాయంత్రం వాళ్ళకు చెప్పింది. ఇక విజిల్ లేదని, అందువల్ల పరీక్ష పోయినా పోవచ్చని, ఉన్నదున్నట్టు చెప్పింది.

పక్కీరమ్మకు కోపమొచ్చింది. "నీ పరీచ్చ పోతే ఎట్లమ్మా? నేర్చుకున్న దాన్ని ఎవురన్నా పారేసుకుంటారా? గనిలో మేము చూసుకుంటాం లే, ఈసారి జ్ఞాపకం పెట్టుకుంటా."

"చూసుకునేదానికి ఆడ టైముంటాదా అక్కా?"

పక్కీరమ్మ తాడు చుట్ట కింద పెట్టింది.

"నేను నేర్పింది నేనే తీసేస్తా. మీరు నాకు సాయం చెయ్యాల" అంది యూనీస్.

నేర్పడం కంటే తీసేయడం కష్టం. ఆ సంగతి ఏ పేపర్లోనూ లేదు. ఒంట్లో దిగిన అలవాటు మాటతో రాదు. అందుకని యూనీస్ ఆటనే తిరగేసింది. తాడు లాగుతుండగా, శెనక్కాయలు తింటుండగా, కబుర్లు చెప్పుకుంటుండగా, ఎప్పుడు ఊదుతుందో తెలియకుండా విజిల్ ఊదేది. ఊదగానే చేతిలోది పారేసి పరుగు. ఆమె కూడా వాళ్ళతోపాటే పరిగెత్తి గోడ చాటున దూరేది. మొదటి రోజు పక్కీరమ్మ రెండుసార్లు నిలబడిపోయింది. పక్కనున్నవాళ్ళు ఆమెను గోనెసంచిలా ఈడ్చుకుపోయారు. తర్వాత ఒక్కసారి. ఆ తర్వాత అంత భారీ మనిషీ అందరికంటే ముందు గోడ చేరడం మొదలుపెట్టింది. తాడు నడిపే పని పూర్తిగా దురుగమ్మ గొంతుకు అప్పగించారు. నాట్ల పదాన్నే ఆమె తిప్పుకుంది. గొంతు సాగినంతసేపు పట్టు, "జగ్గు" అన్నప్పుడు లాగుడు, గొంతు ఆగితే వదులు.

పరిగెత్తి పరిగెత్తి వాళ్ళకు ఇంకో సంగతి కూడా తట్టింది. ఈ గోడ దగ్గరే ఉంది కాబట్టి అందుతోంది. గనిలో చాటు చేరేలోపే పేలుస్తున్నారు. ఎనిమిదిమందీ కెంచప్ప ముందు సుత్తులు కింద పెట్టి కూర్చున్నారు. ముందు మనిషిని పంపి చెప్పించాల, అందరూ చాటుకు పోయినారని చూసుకున్నాకనే మందు అంటించాల, లేకపోతే రాయి ముట్టుకునేది లేదన్నారు. కెంచప్ప బూతులు తిట్టాడు. లారీలు వరసకట్టి నిలబడ్డాయి. మధ్యాహ్నానికల్లా ఒప్పుకున్నాడు. లారీ ఆగితే ఒప్పుకోని ఓనరు ఆ రోజుల్లో బళ్ళారిలో లేడు.

పరీక్షరోజు పొద్దున వాళ్ళు ఉతికిన చీరలు గోచీపోసి కట్టుకుని కాలేజీ మైదానానికొచ్చారు. పోటీకి హాస్టలు అమ్మాయిల జట్టు నిలబడింది. ట్రాక్ ప్యాంట్లు, చేతికి పట్టీలు. వాళ్ళ నాయకురాలు రూపశ్రీ పక్కీరమ్మను పైనుంచి కిందిదాకా చూసి, పక్కనున్న పిల్లతో, "ఈమెను జగ్గేదానికి క్రేన్ తెప్పించాలేమో" అంది.

"క్రేన్ వద్దమ్మా, తాడు తెగుతాది. మీరు రాండి చాలు" అంది పక్కీరమ్మ.

ఎగ్జామినరు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, బలమైన మనిషి, తెల్ల టోపీ, మెడలో ఇత్తడి విజిల్. రాయచూరు వైపు కాబట్టి తెలుగు వచ్చు. మార్కుల కాగితం అట్టకు తగిలించుకుని కుర్చీ వేయించుకుంది. యూనీస్ ఒళ్ళు వేడెక్కించే కసరత్తులు చేయించింది, మడమలు దింపే పద్ధతి విడమరిచి చూపించింది, చేతులు ఒరుసుకుపోకుండా పట్టు ఎలా మార్చుకోవాలో చెప్పింది. అంతా నోటితోనే. మెడ ఖాళీగా ఉంది.

"విజిల్ ఏది?" అంది ఎగ్జామినరు.

"ఈ జట్టుకు విజిల్ వాడను మేడం."

"మర్చిపోయి వచ్చినావా?"

"లేదు మేడం. వీళ్ళు గనిలో పనిచేస్తారు. ఆడ విజిల్ ఊదితే కొండ పేలుస్తాండారని అర్థం. ఇక్కడ విజిల్కు నిలబడేది నేర్పిస్తే అక్కడ కూడా నిలబడతారు. నేర్పించి చూసినాను. ఒకామె నిలబడింది."

గురురాజ సారు గొంతు సవరించుకుని ఏదో అనబోయాడు. ఎగ్జామినరు చెయ్యెత్తి ఆపింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో విజిల్ తేనివాళ్ళు చెప్పే సాకులు ఆమె చాలా విన్నది. ఒకడికి ఆస్తమా, ఒకడికి పళ్ళనొప్పి.

"కథలు బాగుండాయి" అంది. "విజిల్ అంటే ఏంటో నేను చూపిస్తాను." లేచి నిలబడి, ఇత్తడి విజిల్ నోట్లో పెట్టుకుని, మైదానం దద్దరిల్లేలా ఊదింది.

తాడు పడింది. ఎనిమిదిమందీ లేచారు. అయితే ఉత్తగా పోలేదు. దిక్కుతోచక నిలబడ్డ హాస్టలు పిల్లల్లో దొరికినదాని చెయ్యి దొరికినట్టు పట్టుకుని, తోలుకుని, కాంపౌండు గోడ వైపు ఉరికారు. రూపశ్రీ ఒక చెప్పు వదిలేసి పరిగెత్తింది. పక్కీరమ్మ దారిలో ఎగ్జామినరు నిలబడి ఉంది. ఆ క్షణాన పక్కీరమ్మకు ఆమె ఎగ్జామినరు కాదు, మందు ముందు నిలబడి ఆలోచన చేస్తున్న ఒక ఆడమనిషి. నడుం చుట్టూ చెయ్యేసి ఎత్తినంత పని చేసి, గోడ చాటుకు తెచ్చి, తల కిందికి నొక్కి, పైన తను వంగి కాపు కాసింది.

మైదానంలో ఒక తెల్ల టోపీ, ఒక చెప్పు, తాడు, కుర్చీ, గురురాజ సారు మిగిలారు. అవతల కబడ్డీ పిల్లలతో నిలబడిన జితేంద్ర నోరెళ్ళబెట్టాడు.

యూనీస్ కూడా గోడ చాటుకే పరిగెత్తింది. పరిగెత్తుతూ పక్కీరమ్మను చూసింది. ఆమె నిలబడలేదు. రెప్ప వేసేంత కూడా ఆగలేదు. యూనీస్ గోడకు వీపానించి కూర్చుని, చాలారోజుల తర్వాత కడుపు నిండా ఊపిరి తీసుకుంది. పాసో ఫెయిలో, ఇక ఏదైనా రానీ అనుకుంది. ఆ గోడ చాటున ఆమె కన్నా తృప్తిగా ఇంకెవరూ లేరు.

పక్కీరమ్మ చెవులు రిక్కించి విన్నది. పేలుడు లేదు. చుట్టూ చూసింది, కాలేజీ. చెయ్యి కింద చూసింది, ఎగ్జామినరు.

"అయ్యో, మేడమా" అంది మెల్లగా, చెయ్యి తీస్తూ. "దెబ్బ తగల్లేదు గదా?"

ఎగ్జామినరు జుట్టు నిండా దుమ్ము. మోకాలు చీరుకుపోయింది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన దురుగమ్మ తను లాక్కొచ్చిన హాస్టలు పిల్ల ఏడుస్తుంటే కన్నీళ్ళు తుడుస్తోంది.

"దినామూ ఇట్లనేనా?" అని అడిగింది ఎగ్జామినరు.

"దినామంటే దినాము కాదు మేడం. మందు పెట్టిన దినాలు" అంది పక్కీరమ్మ.

"నన్నెందుకు లాక్కొచ్చినావు?"

"నువ్వు నిలబడిపోయింటివి గదా" అంది పక్కీరమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు.

ఎగ్జామినరు లేచి, చీర దులుపుకుని, మెల్లగా నడుచుకుంటూ కుర్చీ దగ్గరికి పోయింది. యూనీస్ వెనకే పోయి, మోకాలు కడిగి, మందు రాసి, కట్టు కట్టింది. కాలేజీలో నేర్పిన కట్టే, మడతలు పడకుండా. ఎగ్జామినరు ఆ కట్టు వైపు చూసింది.

"నీ పద్ధతిలో జగ్గించు, చూస్తాను" అంది.

దురుగమ్మ పదం ఎత్తుకుంది. హాస్టలు పిల్లలు రెండుసార్లు లాగారు, రెండుసార్లూ కాళ్ళీడ్చుకుంటూ గీత దాటి వచ్చారు. రెండోసారి రూపశ్రీ పక్కీరమ్మ ఒళ్ళో వచ్చి పడింది.

ఎగ్జామినరు అట్ట మీద రాసింది. విజిల్ గడిలో సున్నా పెట్టింది. అందులో దయ చూపించలేదు. మిగతా గళ్ళు ఒక్కొక్కటే నింపి, కింద కూడిక వేసి, సంతకం చేసి గురురాజ సారు చేతికిచ్చింది. ఆయన చూసి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని మళ్ళీ చూసి, యూనీస్ వైపు తల ఊపాడు.

"పాసైనావు పో" అన్నాడు. "ఫస్ట్ క్లాసు రాదు, ఆశపడద్దు."

"వద్దు సార్" అంది యూనీస్. దురుగమ్మ వచ్చి, పాసంటే బడిలో చేరేది ఖాయమేనా అని అడిగి, ఖాయమే అని తెలుసుకుని, తక్కినవాళ్ళకు కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చాటింది.

ఎగ్జామినరు ఇంకా మైదానం వదల్లేదు. పక్కీరమ్మను చూస్తోంది. యూనివర్సిటీ రోజుల్లో ఆమె షాట్‌పుట్ గుండు విసిరిన మనిషి. చేతి వాచీ తీసి కుర్చీలో పెట్టింది. విజిల్ కూడా తీసి దాని పక్కన పెట్టింది. కొంగు దోపుకుని, కట్టు కట్టిన మోకాలు ఒకసారి వంచి చూసుకుని, హాస్టలు పిల్లల జట్టు చివరికి పోయి తాడు కొసను నడుముకు చుట్టుకుంది.

"మేడం, మోకాలు" అంది యూనీస్.

"నువ్వు సుమ్నె ఉండు, మాట్లాడద్దు. పరీక్ష అయిపోయింది" అంది ఆమె.

పక్కీరమ్మ ఇటు కొసన మడమలు దింపుతూ నవ్వింది. "మేడమా, ఎగ్జామినరని ఇంగ నేనేమీ చూడను మళ్ళా."

"చూడద్దు. జగ్గు."

దురుగమ్మ గొంతెత్తింది. అటు తొమ్మిదిమంది, ఇటు ఎనిమిది. లెక్క తప్పిందని గురురాజ సారు అరిచాడు, ఎవరూ వినలేదు. ఎర్రగుడ్డ అటు జానెడు పోయింది, ఇటు జానెడు వచ్చింది, మధ్యలో బిగిసిపోయింది. ఎండ నెత్తికెక్కింది. పరీక్షకని తెప్పించిన భోజనాలు చల్లారిపోతాయని జితేంద్ర వరండాలోంచి కేకేశాడు. తాడు మీద ఒక్క వేలు కూడా వదులు కాలేదు.